గెలిచిన తుపాకి, ఓడిన తుపాకి, కొనేవాడి లెక్క

1863 జులై 13న న్యూయార్క్ వీధులు భగ్గుమన్నాయి. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగుతున్న అమెరికా అంతర్యుద్ధానికి మనుషులు చాలక ప్రభుత్వం లాటరీ తీసి మరీ సైన్యంలోకి లాక్కుంటోంది. 300 డాలర్లు కట్టగలిగినవాడికి మినహాయింపు, కట్టలేనివాడి చేతికి తుపాకి. ఈ తేడా జనానికి మింగుడు పడలేదు. ఆ అల్లర్లలో తగలబడిన భవనాల్లో ఒక తుపాకుల కార్ఖానా కూడా ఉంది. అక్కడ గిబ్స్ అనే కార్బైన్ రకం పొట్టి తుపాకి తయారయ్యేది. సైన్యం అడిగినవి 10,000. కార్ఖానా బూడిదయ్యే నాటికి అందినవి 1,052. గిబ్స్ కథ అంతటితో ముగిసింది.

అయిదు వారాలు దాటాక, ఆగస్టు 18న, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు లింకన్ ఒక చెక్క పలకకు గురిపెట్టి స్పెన్సర్ తుపాకిని స్వయంగా పేల్చి చూశాడు. వరసగా ఏడు తూటాలు పేల్చగల ఆ తుపాకి ఆయనకు నచ్చింది. యుద్ధం ముగిసేసరికి స్పెన్సర్ కార్బైన్లు సుమారు 95,000 సైన్యం చేతికి వచ్చాయి.

యుద్ధరంగంలో ఈ రెండింటికీ పోలికే లేదు. అయినా ఒకే స్థితిలో ఉన్న గిబ్స్‌నూ స్పెన్సర్‌నూ ఇప్పుడు వేలంలో పక్కపక్కన పెడితే సాధారణంగా ఎక్కువ పలికేది గిబ్స్. పోయిన బర్రెకు పాలెక్కువ అంటాం కదా, పాత సైనిక కార్బైన్లు సేకరించేవారి లోకం చాలావరకు ఆ సామెత మీదే నడుస్తుంది. ప్రాణాలు కాపాడినందుకు రౌతు ముద్దుపెట్టుకున్న తుపాకి ఇక్కడ మామూలు సరుకు. రౌతు తిట్టుకుని పక్కన పారేసిన తుపాకి అద్దాల బీరువాలోకి ఎక్కుతుంది. ఈ తలకిందుల లెక్క మొదటిసారి చూసేవారికి పిచ్చిగా అనిపిస్తుంది. పిచ్చి కాదు కానీ, ధర ఒక్కటే చూస్తే అర్థం కాదు. ఆ తుపాకులు ఏ చిక్కును విప్పడానికి పుట్టాయో ముందు తెలియాలి.

కుక్కర్ మూత సమస్య

కార్బైన్ అంటే పొట్టి తుపాకి, గుర్రపు రౌతు కోసం పుట్టినది. కాల్బలం మోసే తుపాకి మనిషి భుజం దాకా ఉండేది. జీను మీద కూర్చున్నవాడికి అంత పొడుగు అడ్డమే. అందుకే గొట్టాన్ని కుదించి, తుపాకి ఎడమవైపు ఒక ఇనుప కడ్డీని, దానికి ఒక ఉంగరాన్ని బిగించారు. రౌతు భుజం మీదుగా వేసుకున్న వెడల్పాటి తోలు పట్టీకి ఉన్న కొక్కెం ఆ ఉంగరానికి తగులుతుంది. రెండు చేతులూ కళ్లేనికీ కత్తికీ కావలసి వచ్చినా తుపాకి నేలపాలు కాదు.

పొడుగు సంగతి అలా తేలింది. మందు కూరే సంగతి తేలలేదు. తూటా కాగితాన్ని పళ్లతో చింపాలి, గొట్టం మూతిలో మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి, ఆ కడ్డీని మళ్లీ దాని చోట పెట్టాలి, వెనక చిన్న పేలుడు క్యాప్ తగిలించాలి. నేల మీద స్థిరంగా నిలబడిన సైనికుడే నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగితే గొప్ప. పరుగెత్తే గుర్రం మీద ఈ తతంగం అయ్యే పని కాదు. గొట్టం వెనక భాగాన్ని, అంటే బ్రీచ్‌ను, తెరిచి అక్కడే తూటా పెట్టేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన అందుకే వచ్చింది. ఆలోచన శతాబ్దాల పాతది. చిక్కంతా మళ్లీ మూయడంలో ఉంది.

ప్రెషర్ కుక్కర్ మూతకు రబ్బరు వేయడం మరిచిపోతే ఏమవుతుందో మన వంటిళ్లలో అందరికీ తెలుసు. తుపాకిలో అదే ఆవిరికి బదులు మండే మందు నుంచి వచ్చిన వాయువు. దాని ఒత్తిడి కుక్కర్ కంటే వందల రెట్లు, అది తన్నుకొచ్చే సందు పేల్చేవాడి కంటికి జానెడు దూరంలో. పైగా అలా జారిపోయిన వాయువు గుండును తోయదు, కాబట్టి దెబ్బ బలం కూడా తగ్గుతుంది.

అమెరికా సైన్యంలో ఈ బాధను మొదట పెద్దఎత్తున అనుభవించినవారు హాల్ తుపాకి వాడినవారు. మెయిన్ రాష్ట్రానికి చెందిన జాన్ హాల్ 1811లో పేటెంటు తీసుకున్నాడు. గొట్టం వెనక భాగం పెట్టె మూతలా పైకి లేస్తుంది, అందులో మందు, గుండు వేసి కిందికి నొక్కాలి. ఒక తుపాకి భాగం మరో తుపాకిలో అచ్చంగా ఇమిడేలా యంత్రాలతో తయారుచేయడాన్ని హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో చేసి చూపించిన ఘనత హాల్‌దే. పరిశ్రమల చరిత్రలో అదొక మలుపు. కానీ 1833 నుంచి రౌతుల చేతికి వచ్చిన హాల్ కార్బైన్‌లో ఆ అతుకు దగ్గర వాయువు చిమ్మేది. ఎంత బాగా చెక్కినా, ఇనుముకు ఇనుము ఆనించినంత మాత్రాన సందు మూసుకోదు.

1861లో యుద్ధం మొదలయ్యేసరికి సైన్యం వీటిని పాత సామానుగా అమ్మేసింది. 5,000 కార్బైన్లు ఒక్కొక్కటి మూడున్నర డాలర్లకు పోయాయి. చేతులు మారి, గొట్టాల్లో గాట్లు వేయించుకుని, కొద్ది వారాల్లోనే అవే తుపాకులు ఒక్కొక్కటి 22 డాలర్లకు అదే ప్రభుత్వానికి చేరాయి. మధ్యలో ఆ బేరానికి 20,000 డాలర్లు అప్పిచ్చినవాడు తర్వాత పేరుమోసిన బ్యాంకరు, అప్పటికి కుర్రాడైన జె.పి. మోర్గాన్. కాంగ్రెసు విచారణ దాకా వెళ్లిన ఈ వ్యవహారం వల్లే హాల్ కార్బైన్‌కు ఇప్పుడు అదనపు గిరాకీ. నిప్పులు చిమ్మిన తుపాకి కుంభకోణం పుణ్యాన వెలకెక్కింది.

ఒక ప్రశ్నకు ఇరవై జవాబులు

1850ల నుంచి 1865 దాకా అమెరికాలో బ్రీచ్ మూసే పేటెంట్లు వర్షాకాలపు పుట్టగొడుగుల్లా మొలిచాయి. యుద్ధంలో ఉత్తరాది సైన్యం దాదాపు 20 రకాల కార్బైన్లు కొన్నది. ఒక రకం తూటా మరోదానిలో పట్టదు. సరఫరా అధికారులకు అది నరకం, సేకరించేవారికి స్వర్గం. ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులు ఒకే కాలంలో, ఒకే దేశంలో దొరకడం అరుదు.

క్రిస్టియన్ షార్ప్స్ హార్పర్స్ ఫెర్రీలో హాల్ దగ్గర పనిచేసినవాడే. 1848 నాటి అతని పేటెంటులో ఒక ఇనుప దిమ్మ పైకీ కిందికీ జారుతుంది. ట్రిగ్గర్ కింది లీవర్‌ను ముందుకు తోస్తే దిమ్మ దిగి దారి ఇస్తుంది. నార గుడ్డతోనో కాగితంతోనో చుట్టిన తూటా పెట్టి లీవర్ మూస్తే, పైకి లేచే దిమ్మ అంచు తూటా తోకను కత్తిరించి మందును బయటపెడుతుంది. చూడముచ్చటైన ఏర్పాటు. కానీ వాయువు ఇందులోనూ కొంత జారేది. దిమ్మ ముఖానికి కదిలే రింగులు అమర్చి ఆ జారుడును తగ్గిస్తూ వచ్చారు. అయినా ఆ సాదాతనం, గట్టితనం రౌతులకు నచ్చాయి. సైన్యం యుద్ధంలో కొన్నవి సుమారు 80,000.

ఆంబ్రోజ్ బర్న్‌సైడ్ చిక్కును మరో వైపు నుంచి పట్టుకున్నాడు. మూతను ఎంత గట్టిగా బిగిస్తాం, తూటానే మూత చేస్తే పోలేదా అన్నది అతని ఆలోచన. కోన్ ఐస్‌క్రీమ్ ఆకారంలో ఉండే ఇత్తడి తూటా చేశాడు. పేలినప్పుడు ఆ పలుచని ఇత్తడి ఉబ్బి, అతుకు చుట్టూ అంటుకుపోయి, సందు మూసేస్తుంది. పని అయ్యాక మళ్లీ సడలుతుంది. 1857లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో జరిగిన తుపాకుల పరీక్షల్లో అతని తుపాకే గెలిచింది. ప్రభుత్వం మాత్రం పెద్ద ఆర్డరు ఇవ్వలేదు. బర్న్‌సైడ్ దివాలా తీసి పేటెంటును అప్పులవాళ్లకు వదిలేశాడు. తర్వాత యుద్ధం రావడంతో అదే కార్బైన్ 55,000 దాకా అమ్ముడుపోయింది, లాభం ఇతరులకు. బర్న్‌సైడ్ అప్పటికి సైన్యాధిపతి. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ఘోరంగా ఓడి, చివరికి చెంపల మీద వెంట్రుకలు పెంచే తీరుకు తన పేరు మిగిల్చి వెళ్లాడు. ఇంగ్లిషులో చెంపజుట్టును పిలిచే సైడ్‌బర్న్స్ అన్న మాట ఆయన పేరును తిరగేసినదే. నన్ను అడిగితే ఈ మొత్తం గుంపులో అన్నిటికంటే తెలివైన ఆలోచన ఆయనదే. మనిషి అదృష్టం మాత్రం తుపాకి అదృష్టమంత గట్టిది కాదు.

గిల్బర్ట్ స్మిత్ కుక్కర్ రబ్బరు దారిలోనే వెళ్లాడు. తూటా గొట్టాన్నే రబ్బరుతో చేశాడు. తుపాకి నడుము దగ్గర విరిగినట్టు వంగుతుంది, రబ్బరు తూటా పెట్టి మూస్తే సందు సమస్య లేదు. ఖాళీ అయిన రబ్బరు గొట్టం ఒక్కోసారి తూటా పెట్టే గదిలోనే అతుక్కుపోవడం వేరే తలనొప్పి. ఫిలడెల్ఫియాలో తయారైన గాలగర్ కార్బైన్‌ది ఇంకా పెద్ద తలనొప్పి. ఖాళీ తూటాను బయటికి లాగే భాగమే అందులో లేదు. వేడెక్కిన గొట్టంలో ఇరుక్కున్న ఇత్తడిని వేళ్లతో పెకలించుకోవాలి, అవతల శత్రువు పేలుస్తుండగా. రౌతుల అసహ్యాన్ని అర్థం చేసుకోవచ్చు.

ఎడ్వర్డ్ మేనార్డ్ వాషింగ్టన్‌లో పేరున్న పళ్ల డాక్టరు. పళ్ల డాక్టరుకు సన్నని సందుల మీద శ్రద్ధ ఉండటంలో ఆశ్చర్యం లేదనుకోండి. వెడల్పాటి పీట ఉన్న ఇత్తడి తూటా చేశాడు. ఆ పీట అంచును పట్టుకుని లాగితే బయటికి వచ్చేస్తుంది, కడిగి మళ్లీ నింపుకోవచ్చు.

ఈ పోటీకి ముగింపు పలికినవాడు క్రిస్టోఫర్ స్పెన్సర్. పైవాటన్నిటిలో తూటా ఒక చోట, దాన్ని అంటించే క్యాప్ మరో చోట. స్పెన్సర్ వాడిన రాగి తూటాలో మందు, గుండు, అంటించే రసాయనం అన్నీ ఒకే పొట్లంలో ఉన్నాయి. అంచు మీద సుత్తి దెబ్బ పడితే పేలుతుంది, ఉబ్బి సందు మూస్తుంది. ఏడు తూటాలు తుపాకి మడమలోని, అంటే భుజానికి ఆనించే వెనక చెక్కలోని, గొట్టంలో వరుసగా కూర్చుంటాయి, లీవర్ తోసినప్పుడల్లా ఒకటి ముందుకొస్తుంది. 1860 మార్చిలో అతనికి పేటెంటు వచ్చాక మిగతా పందొమ్మిది జవాబులూ నిజానికి పాతబడ్డాయి. దక్షిణాది సైనికులు స్పెన్సర్లను పట్టుకున్నా ఎక్కువ రోజులు వాడుకోలేకపోయారు. అలాంటి రాగి తూటాలు చేసే పరిశ్రమ వారి దగ్గర లేదు. పట్టుబడ్డ తూటాలు అయిపోతే తుపాకి దుడ్డుకర్రతో సమానం.

యుద్ధం తర్వాత ఎవరి దారి వారిది

1865లో ఇంటికి వెళ్లే సైనికులకు ప్రభుత్వం ఒక అవకాశం ఇచ్చింది. తమ ఆయుధాన్ని కొనుక్కోవచ్చు: స్పెన్సర్ కార్బైన్ 10 డాలర్లు, మిగతా ఏ కార్బైన్ అయినా 8 డాలర్లు. సైన్యం దృష్టిలో ఏది మేలో చెప్పే ధరల పట్టిక ఇదే. ఇరవై రకాలకూ కలిపి రెండే మెట్లు. అలా ఇళ్లకు చేరినవి పొలాల్లో, అటకల మీద, పిల్లల చేతుల్లో అరిగిపోయాయి.

షార్ప్స్‌లలో 30,000కు పైగా కార్బైన్లను 1867 నుంచి లోహపు తూటాలకు అనువుగా మార్చారు. అందుకే మార్పు జరగని పాత షార్ప్స్‌కు ప్రత్యేక విలువ. చాలా స్పెన్సర్లు 1870లో జర్మన్లతో పోరాడుతున్న ఫ్రాన్సుకు వెళ్లాయి. మిగిలిన గుట్టలను న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ బానర్‌మన్ లాంటి పాత సైనిక సరుకుల వ్యాపారులు కొన్నారు. హడ్సన్ నది మధ్య ఒక ద్వీపంలో కోటలాంటి గోదాము కట్టుకున్న బానర్‌మన్ క్యాటలాగులు వేసి మరీ అమ్మాడు. ఇప్పటి సేకరణల్లో ఎన్నో తుపాకులు అలాంటి గోదాముల నుంచి వచ్చినవే.

ఇక్కడే లెక్క తిరగబడటం మొదలైంది. పొద్దస్తమానం వాడుకలో ఉన్న మంచి తుపాకి అరిగింది, మార్పులు చేయించుకుంది, సముద్రాలు దాటింది. ఎవరికీ అక్కర్లేనిది పెట్టెలో గ్రీజు పూసుకుని నిద్రపోయింది. మేనార్డ్ రెండో నమూనా దీనికి మంచి ఉదాహరణ. సైన్యం 20,000 కొన్నది, అందులో ఎక్కువ భాగం యుద్ధం చివరి నెలల్లో వచ్చింది. చాలా తుపాకులకు రౌతు చెయ్యే తగల్లేదు. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా నీలిపూత మెరుస్తూ, మడమ మీద తనిఖీ ముద్ర చెక్కుచెదరక దొరుకుతాయి.

మేనార్డ్ మొదటి నమూనా కథ వేరు. అవి సుమారు 5,000 మాత్రమే. 1860, 61లలో వాటిలో మంచి భాగాన్ని మిసిసిపీ, జార్జియా, ఫ్లోరిడా లాంటి దక్షిణాది రాష్ట్రాలు కొనుక్కున్నాయి. యుద్ధమంతా అవే తుపాకులు, అవే ఇత్తడి తూటాలు మళ్లీ మళ్లీ నింపుకుంటూ. మడమలో చిన్న మూత ఉన్న పెట్టె, పటాకుల రీలు లాంటి టేపుతో అంటించే ఏర్పాటు ఉంటే అది మొదటి నమూనా. రెండోదానిలో ఆ రెండూ తీసేశారు. గీతలు పడి, రంగు పోయి, మడమ పగిలి ఉన్నా, దక్షిణాది సైనికుడి చేతిలో ఉండేదని రుజువున్న మొదటి నమూనా ముందు తళతళలాడే రెండో నమూనా తలవంచుతుంది.

ఇంకా విడ్డూరం దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో జరిగింది. షార్ప్స్ తుపాకులు దొరకని దక్షిణాదిలో ఎస్.సి. రాబిన్సన్ అనే తయారీదారు 1862లో షార్ప్స్‌ను చూసి నకలు చేయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది దక్షిణాది ప్రభుత్వమే కార్ఖానాను తీసుకుంది. అంతా కలిపి సుమారు 5,000. ఇనుము కొరత కొద్దీ మడమ పలకను, గొట్టం చుట్టూ ఉండే పట్టీని ఇత్తడితో పోశారు. పనితనంలో అసలు షార్ప్స్‌కు సాటిరాదు. వాడినవారు వాయువు చిమ్ముతోందని మొత్తుకున్నారు. ఇప్పుడు ఆ నాసి నకలు అసలు షార్ప్స్ ధరకు అనేక రెట్లు పలుకుతుంది.

అయితే తక్కువగా ఉంటే చాలు, ధర ఎక్కువ అనుకుంటే మళ్లీ పొరపాటే. స్మిత్ కార్బైన్లు 30,000. స్పెన్సర్‌లో మూడో వంతు. అయినా స్మిత్ సాధారణంగా స్పెన్సర్ కంటే చవక. గాలగర్ 22,000 మాత్రమే, అదీ చవకే. అరుదుతనానికి గిరాకీ తోడు కావాలి. స్పెన్సర్ పేరు వినని అమెరికన్ చరిత్రాభిమాని ఉండడు, షార్ప్స్ పేరు బానిసత్వం మీద కాన్సాస్‌లో జరిగిన పోరాటాలతోనూ అడవిదున్నల్లాంటి బైసన్ల వేటతోనూ ముడిపడింది. గాలగర్ కోసం కలలు కనేది ఇరవై రకాలనూ వరుసగా గోడకు తగిలించాలనుకునే పట్టుదల మనిషి ఒక్కడే. అలాంటివారికి చివరి రెండు మూడు ఖాళీలే నిద్ర పట్టనివ్వవు. గిబ్స్ ధరను నిలబెట్టేది ఆ ఖాళీలే.

పిట్టల దొర చేతి తుపాకి

మన ఊళ్లలో పిట్టల దొర అని ఒకాయన వచ్చేవాడు. ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన చెక్క తుపాకి. ఆ తుపాకితో తాను చేసిన ఘనకార్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. కోతలు కోసేవాణ్ణి తుపాకి రాముడు అనడం మనకు అలవాటే. పాత కార్బైన్ల బజారుకు వెళ్లేవారికి పిట్టల దొరను చూసిన అనుభవం చాలా పనికొస్తుంది. వినండి, నవ్వండి, డబ్బు మాత్రం తుపాకికి ఇవ్వండి, కోతలకు ఇవ్వకండి.

కోతల్లో రారాజు కస్టర్ పేరు మీద చెప్పేది. 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షయెన్ యోధుల చేతిలో అమెరికా సైన్యపు లెఫ్టినెంట్ కల్నల్ కస్టర్, ఆయన వెంట ఉన్న 200 మందికి పైగా రౌతులు మరణించారు. వారి చేతుల్లో ఉన్నది 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్. గొట్టం మీద మూత లేచే రకం కాబట్టి సేకరించేవారు దాన్ని ట్రాప్‌డోర్ అంటారు. వరుస సంఖ్య 43,700 లోపు ఉంటే అది ఆ యుద్ధం నాటికి తయారై ఉండవచ్చు. ఉండవచ్చు అంతే. సైన్యం మొత్తానికి వెళ్లిన వేలాది తుపాకుల్లో కస్టర్ రెజిమెంటుకు చేరినవి కొన్నే. కానీ ఆ సంఖ్య లోపల ఉంటే చాలు, ధర ఎగబాకుతుంది.

ధర ఎగబాకిన చోట రంపం కూడా పనికొస్తుంది. అదే నమూనా పొడుగు రైఫిళ్లు కొల్లలుగా దొరుకుతాయి. గొట్టం కోసి 22 అంగుళాలకు కుదించి, ముందు గురి దిమ్మను కొత్తగా అతికి, మడమ చెక్కను కురచ చేస్తే పైకి కార్బైన్‌లాగే ఉంటుంది. పట్టిచ్చేది చెక్కే. రైఫిల్ చెక్కలో కడ్డీ దూరడానికి కింద గాడి ఉంటుంది, అసలు కార్బైన్‌లో ఉండదు. ఆ గాడిని చెక్క ముక్కతో పూడ్చిన జాడ కనిపిస్తే బేరం అక్కడితో ముగించి టీ తాగడానికి వెళ్లొచ్చు.

అసలైన రుజువు అసలు దొరకదని కాదు. 1983లో గడ్డి తగలబడి ఆ యుద్ధభూమి నేల బయటపడ్డాక పురావస్తు శాస్త్రవేత్తలు అంగుళం అంగుళం వెతికి తూటా డబ్బాలు ఏరారు. ప్రతి తుపాకి సూది తూటా మీద వేసే గాటు వేరు, వేలిముద్రలాగా. ఆ గాట్లను బతికున్న తుపాకులతో పోల్చి, కొన్నింటిని నిజంగానే ఆ యుద్ధంలో పేలినవని తేల్చారు. రాగి డబ్బాలు ఇరుక్కుపోవడం వల్లే కస్టర్ ఓడాడన్న పాత వాదానికి ఆ గాట్లు పెద్దగా బలం ఇవ్వలేదు. ఇరుక్కున్న జాడలున్నవి కొన్నే. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సైన్యంలో ఏ దళానికి ఏ సంఖ్య తుపాకి వెళ్లిందో చెప్పే కాగితాలు కూడా కొన్ని మిగిలాయి. వంద మాటల కంటే ఆ ఒక్క వరుస విలువైనది.

ముద్రలు చదవడం వేరే విద్య. బర్న్‌సైడ్‌లో చట్రం మీద ఒక సంఖ్య, కదిలే దిమ్మ మీద మరో సంఖ్య ఉంటాయి. రెండూ ఒకటి కావాలి. బారకాసుల్లో పదిమంది తుపాకులు విప్పి ఒకేసారి శుభ్రం చేసినప్పుడు కలగాపులగం కావడం మామూలే కాబట్టి, సంఖ్య కలవని తుపాకి దొంగది కానక్కర్లేదు. ధర మాత్రం తగ్గుతుంది. బ్రిటిష్ తుపాకుల్లో మోసం మరీ ముచ్చటగా ఉంటుంది. పెషావర్ దగ్గరి దర్రా ఆదం ఖేల్ కొలిమిల్లో తరతరాలుగా చేసిన నకళ్లు అఫ్గాన్ బజార్ల మీదుగా ప్రపంచమంతా తిరుగుతున్నాయి. విక్టోరియా రాణి 1901 జనవరిలో పోయింది. ఆమె పేరు ముద్ర పక్కన ఆ తర్వాతి సంవత్సరం కనిపిస్తుంది, లేదా ఎన్‌ఫీల్డ్ అనే ఇంగ్లిషు మాటలో ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అక్షరం రాని చేతి పనితనం అది. చెక్కిన గీతల కంటే ఆ తప్పే నాకు ముద్దుగా అనిపిస్తుంది.

బ్రిటిష్ తుపాకుల మాట వచ్చింది కాబట్టి మన సంగతి ఒకటి. ఈస్టిండియా కంపెనీ కొలువులో తెలుగు నేల నుంచి సిపాయిలు ఎంతగా చేరారంటే, ఉత్తర భారతంలో సిపాయి అన్న మాటకు తిలంగా అనే పేరే స్థిరపడింది. 1857 తర్వాత బ్రిటిష్ వారు దేశీయ సిపాయిల చేతిలో ఎప్పుడూ ఒక మెట్టు పాత ఆయుధమే ఉంచారు. తెల్ల సైనికుడికి కొత్త మార్టినీ-హెన్రీ రైఫిల్ వచ్చాక మనవారికి అంతకు ముందటి స్నైడర్ రైఫిల్ మిగిలింది. వెనక నుంచి తూటా పెట్టే తుపాకి సాంకేతిక ప్రగతి మాత్రమే కాదు, ఎవరిని ఎంత నమ్మాలన్న కొలబద్ద కూడా. అలాంటి పాత తుపాకులు పేరుకుపోయిన పెద్ద నిధి నేపాల్‌లో దొరికింది. కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారంలో వేల సంఖ్యలో ఉన్న తుపాకులను 2003లో అమెరికా వ్యాపారులు కొని, దశాబ్దాల దుమ్ముతో సహా అమ్మారు. దుమ్ముతో సహా అన్నది వ్యాపార రహస్యం.

ఎందుకంటే మన ఇళ్లలో పాత ఇత్తడి చెంబు కనిపిస్తే చింతపండుతో తోమి తళతళలాడించేదాకా చేతులు ఊరుకోవు. తుపాకి దగ్గర ఆ చేతుల్ని కట్టేసుకోవాలి. ఇనుము మీద గోధుమ రంగు, ఇత్తడి మీద మసక, చెక్క మీద చెమట నలుపు, ఇవన్నీ సాక్ష్యాలు. గరుకు కాగితంతో రుద్దితే మడమ మీది తనిఖీ అధికారి ముద్ర కూడా పొడితో పాటే పోతుంది. మళ్లీ ఎవరూ అతికించలేరు. తుప్పు పాకకుండా పలుచగా నూనె, చెమ్మ లేని చోటు చాలు.

చట్టం చూసే చూపు

అమెరికా చట్టం క్యాలెండరు చూస్తుంది. 1898లోనో అంతకు ముందో తయారైతే కేంద్ర చట్టం దృష్టిలో అది పురాతన వస్తువు, మామూలు తుపాకుల నిబంధనలు వర్తించవు. రాష్ట్రాల నిబంధనలు వేరు. పైన చెప్పుకున్న కార్బైన్లన్నీ ఆ గీతకు ఇవతలే. అక్కడ స్థిరపడిన మనవారు వేలంపాటల్లో ధైర్యంగా చేయి ఎత్తగలిగేది అందుకే. బ్రిటన్ తూటాను చూస్తుంది. ఇప్పుడెవరూ తయారుచేయని రకం తూటా అని ప్రభుత్వ జాబితాలో ఉండి, కేవలం వింత వస్తువుగా, అలంకారంగా ఉంచుకుంటే అనుమతి అక్కర్లేదు.

మన 1959 ఆయుధాల చట్టం తుపాకి ప్రాణం చూసింది. పాత నమూనా అయినా, పురాతన విలువ ఉన్నా, పాడైపోయినా, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేలదు అన్నదాన్నే 45వ సెక్షన్ వదిలేసింది. అంటే అమెరికాలో ఏది ఉంటే ధర పెరుగుతుందో, చక్కగా పనిచేసే ఆ యంత్రమే ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టేది. తాతల నాటి తుపాకి అటక మీద దొరికితే చాలామంది కంగారుపడేది దీనివల్లే. 2020 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించి, క్యూరియోల, అంటే వింత పాత వస్తువుల, కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను సంపాదించడానికీ దగ్గర ఉంచుకోవడానికీ భారత పౌరులకు లైసెన్సు అక్కర్లేదంది. ఫలానాది ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. విదేశం నుంచి తెప్పించుకోవాలంటే దిగుమతి లైసెన్సు కావాలి. నూరేళ్లు దాటిన పురావస్తువును విదేశానికి పంపడాన్ని 1972 పురావస్తువుల చట్టం అడ్డుకుంటుంది.

ఆ 2020 సడలింపుకు ఒక షరతు ఉంది. వాడాలన్నా, ఒకచోటి నుంచి మరోచోటికి తరలించాలన్నా, వెంట తీసుకుని తిరగాలన్నా లైసెన్సు ఉండాలి. ఎడమ పక్క ఉంగరం, ఆ ఉంగరానికి కొక్కెం, కొక్కేనికి తోలు పట్టీ, ఇవన్నీ పెట్టింది రౌతు ఎక్కడికి పోతే అక్కడికి మోసుకుపోవడానికే. ఇప్పుడది ఇంట్లో గోడకు ఎంతకాలమైనా వేలాడవచ్చు, గడప దాటాలంటే మాత్రం కాగితం చూపించాలి.